గుండిగ మాయమైన క్రిస్మస్

ఆ రోజుల్లో నా లోకజ్ఞానమంతా డిటెక్టివ్ నవలల్లోంచి వచ్చిందే. తెనాలిలో అద్దెకు తెచ్చుకుని, అమ్మకి కనబడకుండా పాటల పుస్తకంలో దాచుకుని చదివినవి. టార్చిలైటూ, కాస్త తెగువా ఉంటే ప్రపంచంలో బయటపడని రహస్యం లేదని గట్టిగా నమ్మేదాన్ని. ఇరవై రెండేళ్ళ వయసు మరి. తెలియదని ఒప్పుకోవడం కంటే తెలిసినట్టు తల ఊపడమే తేలికగా ఉండే వయసు. అలాంటి బుర్రతో ఎనభయ్యో దశకం చివర్లో బ్రిస్బేన్‌లో మా అక్క ఇంట్లో దిగాను. అక్కకి ఏడో నెల. బావగారు డాక్టరు, ఎప్పుడూ ఆస్పత్రిలోనే. నేను సన్నీబ్యాంక్‌ అనే పేటలో పేపర్లూ, గ్రీటింగ్ కార్డులూ, కొవ్వొత్తులూ అమ్మే ఒక కొట్లో పనికి కుదిరాను. నేరాలు జరిగే చోటు కాదది. అదే నా బాధ.

అప్పట్లో ఆ చుట్టుపక్కల తెలుగు క్రైస్తవ కుటుంబాలు చేతివేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. మన ఊళ్ళో అయితే నాలుగు సంఘాలుగా చీలి ఒకరి పాట ఇంకొకరికి నచ్చనివాళ్ళం, ఇక్కడ అందరం కలిస్తేగాని ఒక పాట పైకి వినబడేది కాదు. అందుకని ఒక పాత చెక్క హాలు అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నాలు ఆరాధన పెట్టుకునేవాళ్ళం. ఆ హాలు వంటగదిలో మా అందరి ఉమ్మడి గర్వకారణం ఒకటి ఉండేది: బిర్యానీ ఆంటీగారి ఇత్తడి గుండిగ. గుంటూరు నుంచి ఓడలో వచ్చింది. "మా అత్తగారు నాకు మనస్ఫూర్తిగా ఇచ్చింది ఇదొక్కటేనే" అనేది ఆంటీ. క్రిస్మస్ బిర్యానీ అందులో వండితేనే క్రిస్మస్. అలాంటిది, సరిగ్గా పండగ ముందు మాయమైపోయింది.

తలుపు తాళం పగల్లేదు. తాళం చెవులు రెండే: ఒకటి ఆంటీ దగ్గర, ఇంకోటి ఇస్త్రీ అంకుల్ దగ్గర. ఇస్త్రీ అంకుల్ అంటే రాజమండ్రి నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన ఇంజనీరు. సముద్రపు ఒడ్డుకి పిక్నిక్ వెళ్ళినా మడత నలగని చొక్కాతో వచ్చే మనిషి. భార్య పోయింది, పిల్లల్లేరు. ఆయన్ని అనుమానించడమంటే పాస్టరుగారిని అనుమానించినట్టే. ఇక మిగిలింది బుధవారం సాయంత్రాలు, ఆయన తాళం తీసిపెడితే, అదే హాలు అద్దెకు తీసుకునే ఆడవాళ్ళు. బోర్డు మీద మూలికల క్లబ్బు అని ఉండేదిగానీ, వాళ్ళు మంత్రగత్తెలనీ, వాళ్ళ మతాన్ని విక్కా అంటారనీ అందరికీ తెలుసు. వాళ్ళ పెద్దావిడకి తలంతా తెల్లగా నెరిసిపోయి ఉండేది. మేం ఆవిడకి పెట్టుకున్న పేరు ముగ్గుబుట్ట.

"ఇంకెవరే? వాళ్ళే!" అంది ఆంటీ, ఖాళీ అయిన అలమర ముందు నిలబడి. "టీవీలో చూశా. పెద్ద పాత్రలో కప్పలూ గబ్బిలాలూ వేసి తిప్పుతారు. నా బిర్యానీ గుండిగలో గబ్బిలాలా! వచ్చే ఆదివారం హాలు కమిటీకి కంప్లైంట్ ఇచ్చి ఆ ఆడాళ్ళని బయటికి పంపించకపోతే చూడు."

"సాక్ష్యం లేకుండా ఎలా ఆంటీ? నేను కనిపెడతాను" అన్నాను. ఆ మాట అనడానికే పుట్టినట్టు అన్నాను.

మర్నాడే ముగ్గుబుట్ట మా కొట్టుకి వచ్చింది. పచ్చ కొవ్వొత్తులు కావాలిట. నేను నవలల్లో నేర్చుకున్న పద్ధతిలో, నీరసంగా మొహం పెట్టి, "నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు, మీ దగ్గర ఏమైనా మూలిక ఉందా?" అని అడిగాను. ఆవిడ కొవ్వొత్తులు పక్కన పెట్టి నా వంక చూసింది. "ఎవరు గుర్తొస్తున్నారు, లవ్?" అంది. (ఆవిడ మాట్లాడినదంతా ఇంగ్లీషే, నా తెలుగులో చెబుతున్నాను.) అంతే, ఎక్కణ్ణుంచి వచ్చిందో ఏడుపు తన్నుకొచ్చింది. అమ్మని చూసి ఎన్నాళ్ళయిందో అప్పుడు తెలిసింది నాకు. డిటెక్టివు ఏడ్చే సీను నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. ఆవిడ తన చేతిరుమాలు నాకిచ్చి, "శనివారం మధ్యాహ్నం మా ఇంటికి రా. డిసెంబరంటే ఇక్కడ ఎండాకాలం కదా, మాకు నడివేసవి పండగ. అందరూ ఉత్తరదేశపు లెక్కలో చలి పండగ చేసుకుంటుంటే మేం ఇక్కడి సూర్యుణ్ణి చూసి చేసుకుంటాం" అంది. ముక్కు చీదుకుంటూనే, నిందితురాలు వలలో పడిందని మనసులో రాసుకున్నాను.

కారు అక్కది. కాబట్టి అక్క కూడా వచ్చింది. "నిన్నొక్కదాన్నే పంపి, నువ్వు కప్పవైపోతే అమ్మకి ఏం చెప్పాలి?" అంటూ స్టీరింగుకీ పొట్టకీ మధ్య జానెడు చోటులో సర్దుకుని, దారిపొడుగునా, ఆపదలో కాపాడుతుందని మనవాళ్ళు నమ్మే తొంభై ఒకటో కీర్తన చదువుతూ నడిపింది. ముగ్గుబుట్ట ఇల్లు ఊరి శివార్లలో, తోట మధ్యలో ఉంది. పుర్రెలు కనబడతాయని భయపడుతూ వెళ్ళామా, వరండాలో కనబడ్డవి ఒక పళ్ళెం నిండా కొబ్బరికోరు అద్దిన లామింగ్టన్ కేకులు. తలల మీద పూలచుట్లు పెట్టుకున్న ఆడవాళ్ళు ఏడెనిమిది మంది నవ్వుతూ కుర్చీలు వేస్తున్నారు. వాళ్ళలో ఒకావిడ అక్క పళ్ళు చూసే డాక్టరు! "ఓ, నువ్వా! కూర్చో కూర్చో, కాళ్ళు వాచాయేమిటి?" అని అక్కకి పీట తెచ్చి వేసింది. అక్క కీర్తన మధ్యలో ఆగిపోయింది.

నేను మాత్రం కర్తవ్యం మరవలేదు. ఇంటి వెనకనుంచి పొగ వస్తోంది. గోడ వారగా నక్కుతూ వెళ్ళాను. సగం దూరంలోనే ఒక వాసన వచ్చి నన్ను నిలబెట్టేసింది. ఇంగువ! పొంగిన చింతపండు పులుసు! మలుపు తిరిగి చూద్దును కదా, మూడు రాళ్ళ పొయ్యి మీద ఆంటీ గుండిగ. అందులో ఎర్రగా కుతకుతలాడుతున్న గుమ్మడికాయ దప్పళం. దాన్ని తెడ్డుతో తిప్పుతూ, తల మీద పసుప్పచ్చ పూలచుట్టుతో, మడత నలగని తెల్లచొక్కాలో ఇస్త్రీ అంకుల్.

ఆయన చేతిలో తెడ్డు ఆగిపోయింది. "అమ్మాయ్" అన్నాడు.

ముగ్గుబుట్ట గ్లాసులు పట్టుకుని వచ్చింది. మా ఇద్దరి మొహాలూ చూసింది. నేను నీళ్ళు నములుతూ గుండిగ సంగతి చెప్పాను. ఆవిడ మొహం మారిపోయింది. "అడిగి తెచ్చానన్నావే నాతో!" అంది ఆయనతో. "ఎవరికీ నొప్పి కలిగించకూడదన్నదే మేం పాటించేది. నువ్వు నా పండక్కి ఎత్తుకొచ్చిన పాత్రలో వండుతావా?" రాజమండ్రి ఇంజనీరు బడిపిల్లాడిలా తల దించుకున్నాడు.

తర్వాత నాతో మెల్లిగా చెప్పాడు. "బుధవారాలు హాలు తాళం వెయ్యడానికి వెళ్ళేవాణ్ణమ్మా. వీళ్ళ కార్యక్రమం అయ్యేదాకా మెట్ల మీద కూర్చునేవాణ్ణి. మా ఆవిడ పోయాక ఇంటికెళ్ళి చేసేదేముంది? ఈవిడ నేను ఏం నమ్ముతానో ఏనాడూ అడగలేదు. భోంచేశావా అని మాత్రం అడిగేది. అంతే, ఆయ్." పూలచుట్టు కాస్త పక్కకి జారింది. సర్దుకోలేదు. "మనవాళ్ళకి తెలిస్తే రేపట్నుంచి ఎవరి గుమ్మమైనా ఎక్కనిస్తారా?"

దప్పళం అందరం తిన్నాం, పారబొయ్యడం పాపమని ముగ్గుబుట్టే తీర్పు చెప్పింది. అక్క మూడుసార్లు వడ్డించుకుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆంటీ కంప్లైంటు సంగతి ఎత్తబోయింది. నేను, అందరినీ కూర్చోబెట్టి ఒక్కొక్క ఆధారం బయటపెట్టాలని రాత్రంతా ప్రాక్టీసు చేసిన ఉపన్యాసంతో లేవబోయాను. "నోరు మూసుకుని కూర్చో" అని అక్క నా జడ పట్టుకు లాగింది. ఈలోగా తలుపు దగ్గర ముగ్గుబుట్ట, చేతుల్లో తళతళలాడుతున్న గుండిగతో. వెనకాలే ఇస్త్రీ అంకుల్, జీవితంలో మొదటిసారి నలిగిన చొక్కాతో.

"తీసింది నేనేనండి" అన్నాడాయన. "ఈవిడకి తెలీదు. ఈవిడ కోసమే తీశాను. ఈవిడని నేను..." అని ఆగి, "ఈవిడంటే నాకు గౌరవం" అన్నాడు. గౌరవం అన్న మాట అంత ఎర్రబడిన మొహంతో ఎవరైనా అనగా నేను మళ్ళీ వినలేదు.

ఆంటీ గుండిగ అందుకుని, లోపల వేలు పెట్టి రుద్ది, వాసన చూసింది. "చింతపండుతో ఎవరు తోమారు?"

"నేనే. ఆయన నేర్పారు" అంది ముగ్గుబుట్ట ఇంగ్లీషులో.

"నన్ను అడిగితే ఇవ్వనా అన్నయ్యా?" అంది ఆంటీ. కోపం కాదది.

"ఇవ్వవని కాదమ్మా. ఎందుకని అడుగుతావని."

పోయిన అంకుల్ భార్య ఆంటీకి ప్రాణస్నేహితురాలని మా అందరికీ తెలుసు. చివరికి ఆంటీ ముక్కు తుడుచుకుని, ముగ్గుబుట్ట వైపు తిరిగి, "క్రిస్మస్‌కి కమ్. మటన్ తింటావా?" అంది. "తినను" అంది ఆవిడ. "అయితే నీకు వంకాయ చేస్తా. ముందు యూ సిట్" అంది ఆంటీ. రహస్యం ఎవరు ఛేదించారని ఒక్కరూ అడగలేదు. నా ఉపన్యాసం ఉపన్యాసంగానే ఉండిపోయింది.

వాళ్ళిద్దరూ మరుసటి ఏడు రిజిస్టరాఫీసులో పెళ్ళి చేసుకున్నారు. రెండు కుటుంబాలు వాళ్ళతో మాటలు మానేశాయి, మిగతావాళ్ళం మానలేదు. ఆవిడ తన పున్నమి పూజలు తను చేసుకుంది, ఆయన తన ఆదివారాలు తను వచ్చాడు. చాలా ఏళ్ళు అలాగే గడిచాయి. ఆయన ముందు వెళ్ళిపోయినప్పుడు, సమాధి దగ్గర ముగ్గుబుట్ట చెయ్యి పట్టుకుని నిలబడ్డది బిర్యానీ ఆంటీయే.

ఆ శనివారం తిరిగొస్తూ కారులో నేను అక్కతో ఒక మాటన్నాను. "ఈ వయసులో వీళ్ళకి ఇదేం పిచ్చే? అంతా అయిపోయినవాళ్ళు కదా!" అక్క గేరు మార్చింది. ఆయనకప్పుడు యాభై నాలుగు. నేనిప్పుడు ఆ వయసు ఎప్పుడో దాటేశాను. నిన్న సాయంత్రం మా ఆయన, అడక్కుండానే, నా టీలో అల్లం దంచి వేసి తెచ్చిచ్చాడు. కప్పు అందుకుంటూ చిన్నపిల్లలా సిగ్గుపడ్డాను. అంతా తెలిసిన ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల ఎదురుగా ఉంటే, ఏం కనిపెట్టేదో!