సురుతి లింబాద్రి

ఒమాన్‌లో బర్కా తోటల్లో పనిచేసే జగిత్యాల వైపు వాళ్ల మధ్య లింబాద్రి గురించి ఒక మాట నడిచేది. తండ్రి పోయిన కబురు చేరినా, గుండు గీయించుకోవాల్సి వస్తుందని చేరనట్టే ఉండిపోయాడట. ఖురంలోని హోటల్లో తెల్లవాళ్ల ముందు ఊపడానికి పెంచిన జుట్టు, కన్నతండ్రి కన్నా ముద్దయిందట.

ఈ మాటను మొదట పుట్టించింది ఎవరో తెలియదు కానీ, దాన్ని పెంచి పెద్ద చేసింది అంజి. ఖర్జూరపు చెట్లకు నీళ్లు కట్టే అంజికి నోరు ఊరుకోదు.

"మంగలి నాంపెల్లి ఎందరికి గుండు గీకిండో లెక్కలేదు. ఆయన సచ్చినంక సొంత కొడుకు నెత్తి మీద కత్తి వడకపాయె. గిదేం కాలమే" అనేవాడు.

వినేవాళ్లు నవ్వేవాళ్లు. ఆ నవ్వులు బర్కా నుంచి రుస్తాఖ్ దాకా, అక్కడి నుంచి ఉత్తరాల్లో ఊరి దాకా పోయాయి. దాంతో లింబాద్రికి తండ్రి సన్నాయి మేళంలో చోటు లేకుండా పోయింది. లింబాద్రి వదిన సునీత ఎదుట ఎవరైనా ఆ మాట తెస్తే, ఆమె అక్కడ నిలబడేది కాదు. కడిగిన గిన్నెనే మళ్లీ కడగడానికి లోపలికి పోయేది. అసలు జరిగింది ఏమిటో లింబాద్రి కాక ఆమె ఒక్కతికే తెలుసు.

నాంపెల్లి ఇంటికి మూడు తరాలుగా రెండు పనులు. పొద్దున పెళ్లికొడుక్కి క్షవరం చేసేవాళ్లు, ఆ తర్వాత చేతులు కడుక్కుని పందిట్లో సన్నాయి మేళం పట్టేవాళ్లు. నాంపెల్లి పాట వాయిస్తే పెద్దకొడుకు భూమయ్య పక్కన అందుకునేవాడు. చిన్నవాడు లింబాద్రికి తొమ్మిదో ఏట శ్రుతి సన్నాయి చేతికిచ్చారు. శ్రుతి పట్టేవాడికి పాట ఉండదు. ఒకటే స్వరం. బుగ్గల్లో గాలి నింపుకుని, ముక్కుతో ఊపిరి తీస్తూ, పందిరి కింద మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఆ స్వరం తెగకుండా పట్టి ఉంచాలి. మేళం ఎప్పుడు ఆగితే అప్పుడే అతని బుగ్గలకు విశ్రాంతి.

"సురుతి తెగితే లగ్గం తెగినట్టే" అనేవాడు నాంపెల్లి.

పదకొండేళ్లు లింబాద్రి ఆ ఒక్క స్వరం పట్టాడు. ఒకసారి ధైర్యం చేసి, నేనూ ఒక పాట వాయిస్తా బాపూ అని అడిగాడు. నాంపెల్లి కోప్పడలేదు. "నీకు గాలి ఉన్నది బిడ్డా, చెయ్యి లేదు" అన్నాడు. ఊళ్లో వాళ్లు అతన్ని సురుతి లింబాద్రి అని పిలిచేవాళ్లు. పిలిచినవాళ్లకు అందులో తప్పు కనిపించేది కాదు.

భూమయ్య ముందే రుస్తాఖ్‌లో ఒక క్షౌరశాలలో చేరి ఉన్నాడు. ఎనభై ఏడులో తమ్ముణ్ణి తెప్పించుకున్నాడు. మరో మూడేళ్లకు భూమయ్య భార్య సునీత కూడా వచ్చి, షాపు వెనక సందులో ఒక బడి పంతులు ఇంట్లో పనికి కుదిరింది. ఏడో తరగతి దాకా చదివింది కాబట్టి చుట్టుపక్కల మనవాళ్ల ఉత్తరాలన్నీ ఆమే రాసిపెట్టేది. అడిగినవాళ్లకు రాయడమే తప్ప తనంతట తాను ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు.

ఆమె వచ్చేసరికే లింబాద్రి కథ మారిపోయింది. దాన్ని మార్చింది ఖల్ఫాన్ అనే ఒమానీ. జాంజిబార్‌లో పుట్టి, కుర్రతనంలో ఈ దేశానికి తిరిగి వచ్చినవాడు. ఖురం హోటల్లో బ్యాండు నడుపుతూ, తల్లిని చూడడానికి రుస్తాఖ్ వచ్చినప్పుడు భూమయ్య దగ్గర గడ్డం గీయించుకునేవాడు. ఒక రోజు అతను కుర్చీలో ఉండగా షాపు వెనక నుంచి సన్నాయి వినిపించింది. లింబాద్రి నూనె డబ్బా మీద కూర్చుని, అలవాటు కొద్దీ తన ఒక్క స్వరమే ఊదుకుంటున్నాడు. ఖల్ఫాన్ ముఖానికి సబ్బు నురగ ఉండగానే గడియారం చూడడం మొదలుపెట్టాడు. గడ్డం గీయడం అయిపోయింది, తువ్వాలుతో తుడవడం అయిపోయింది, స్వరం ఆగలేదు. వెనక్కి పోయి, బొంబాయి హిందీలో, "నువ్వు ఊపిరి ఎప్పుడు తీస్తావయ్యా" అని అడిగాడు.

హోటల్ సామాను గదిలో ఎవరో వదిలిపోయిన సాక్సాఫోను ఉండేది. ఎనిమిది నెలల పాటు లింబాద్రి సెలవు దొరికినప్పుడల్లా ఖురం పోయి దాన్ని పట్టాడు. వేళ్లు వేరే, పీక వేరే, గాలి మాత్రం ఇంటిదే. ఖల్ఫాన్ బ్యాండు వాయించేది రెగే. ఎక్కడో సముద్రాల అవతల జమైకా అనే దీవిలో పుట్టిన పాట. షాపు యజమాని దగ్గర, వేరే పనికి పోనిస్తున్నట్టు రిలీజు కాగితం తీసుకుని, లింబాద్రి కత్తి వదిలి హోటల్ వీసాలోకి మారాడు.

సునీత వచ్చిన కొత్తలో, ఒక శుక్రవారం అన్నం తింటూ అతను ఆమెకు చెప్పాడు.

"వదినె, ఈ పాటల నడుమ నడుమ ఖాళీలుంటయి. అండ్ల ఎవ్వలూ ఏం వాయించరు. గమ్మున నిలవడాలె. అది గూడ పాటనే."

"గమ్మున నిలవడ్డందుకు గూడ జీతమిస్తరారా?" అన్నాడు భూమయ్య, కూర కలుపుకుంటూ.

"ఇస్తరే అన్నా. నువ్వు గూడ రా. నువ్వు గమ్మున ఉండవు, అదొక్కటే లోటు."

సునీత తల వంచుకుని నవ్వింది.

జుట్టు సంగతి తర్వాత వచ్చింది. ఆ పాట వాయించేవాళ్లలో చాలామంది జుట్టు జడలు కట్టేలా పెంచుతారని ఖల్ఫాన్ చెప్పాడు. లింబాద్రి సరదాగా మొదలుపెట్టాడు. మూడేళ్లకు అవి భుజాలు దాటాయి. హోటల్ మేనేజరు ఆ తలను ఫొటో తీయించి గోడకు అంటించాడు. ఏటా జనవరిలో కొత్త ఒప్పందం రాసేటప్పుడు, "ఈ జుట్టు పోతే నీకూ మిగతా వాళ్లకూ తేడా ఏముంది" అని నవ్వుతూ అనేవాడు. అది హాస్యం కాదని బ్యాండులో అందరికీ తెలుసు.

మనవాళ్లకు మాత్రం అది తీరని వేడుక. "మంగలోని నెత్తి మీద చెట్టు మొలిచింది" అనేవాడు భూమయ్య. అంజి అయితే ఎదురుపడగానే, జడలు కట్టిన జుట్టుతో పూనకమూగే శివసత్తికి మొక్కినట్టు చేతులు జోడించేవాడు. "శివసత్తీ, పూనకమెప్పుడొస్తది తల్లీ? నా వీసా సంగతి అడగాలె" అని. లింబాద్రి కోప్పడేవాడు కాదు. కళ్లు మూసి, తల ఊపి, "బిడ్డా, నీ వీసా ఒంటె నమిలింది" అని భవిష్యత్తు చెప్పేవాడు.

తొంభై రెండులో పండుగ సెలవులకు పంతులు కుటుంబం ఖురం సముద్రం ఒడ్డుకు పోతూ, పిల్లల్ని చూసుకోవడానికి సునీతను వెంట తీసుకుపోయింది. సాయంత్రం హోటల్ పచ్చికలో వేదిక వేశారు. సునీత కంచె ఇవతల, ఇసకలో, చంటిపిల్లను ఎత్తుకుని నిలబడి చూసింది. పెళ్లిళ్లలో ఆమె అతన్ని ఎన్నోసార్లు చూసింది కానీ, ఉబ్బిన బుగ్గలు తప్ప ముఖం ఎప్పుడూ కనిపించలేదు. ఇక్కడ అతను నాలుగు ముక్కలు వాయించి, సాక్సాఫోను పెదవుల నుంచి తీసి, ఏమీ వాయించకుండా నిలబడ్డాడు. ఖల్ఫాన్ గిటారు తీగ ఒక్కటే లోతుగా మోగుతోంది. లింబాద్రి నవ్వుతున్నాడు. ఎవరిని చూసీ కాదు. సునీత చంటిపిల్లను ఈ భుజం మీద నుంచి ఆ భుజం మీదికి మార్చుకుంది. ఇతన్ని మళ్లీ నూనె డబ్బా మీద చూడకూడదు దేవుడా అనుకుంది.

ఆ ఏడే అతను తన వాయింపు కేసెట్టులో పట్టి, ఊరికి పోయేవాడి చేత తండ్రికి పంపాడు. రెండు నెలలకు ఇంటి నుంచి కేసెట్టు వచ్చింది. అందులో తల్లి శాంతవ్వ ఏడుపు, బర్రె ఈనిన కబురు, వానల సంగతి అయ్యాక, నాంపెల్లి గొంతు సవరించుకుని, "గాలి మంచిగున్నది" అన్నాడు. అంతే. తర్వాత దగ్గు. లింబాద్రి ఆ రెండు ముక్కల దగ్గరికి కేసెట్టును వెనక్కి తిప్పి తిప్పి వినేవాడు. చెయ్యి గురించి తండ్రి ఏమైనా అన్నాడేమోనని దగ్గు తర్వాత కూడా వినేవాడు.

తొంభై మూడు డిసెంబరులో షాపుకు ఫోను వచ్చింది. నాంపెల్లి పొలం గట్టు మీద కూలబడి అక్కడే పోయాడు. భూమయ్య మర్నాడే విమానం ఎక్కాడు. లింబాద్రి పాస్‌పోర్టు హోటల్ వాళ్ల దగ్గర ఉంది. కొత్త సంవత్సరం ఆట అయ్యాకే ఇస్తామన్నారు. దినాలన్నీ భూమయ్యే చేశాడు.

నెల తర్వాత భూమయ్య మొలకలెత్తిన గుండుతో తిరిగి వచ్చాడు. తమ్ముడు ఎదురు వచ్చాడు, భుజాల మీద జడలతో. భూమయ్య సంచీ దించి, అతని తల వైపు ఒకసారి చూసి, లోపలికి పోయాడు. ఆ రోజు నుంచి అవసరానికి తప్ప మాట్లాడలేదు. ఊళ్లో మేనమామలు కూర్చుని, బాపుకు తల ఇవ్వనివాడు మేళంలో కూర్చోకూడదని తేల్చారు. సునీత ఆ సంవత్సరమంతా అందరి ఉత్తరాలూ రాసింది. అత్తకు ఒక ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టింది. "అత్తా, లింబాద్రి తప్పు లేదు" అనే దాకా వచ్చి చించేసింది. తర్వాతి వాక్యంలో తన పేరు రాయాలి. భూమయ్య చదువుతాడు, మేనమామలు చదివించుకుంటారు. పోను పోను, ఇంత ఆలస్యమయ్యాక చెప్పినా నమ్మరనిపించింది.

అంత చేసీ ఆ పాట నిలవలేదు. తొంభై అయిదులో హోటల్ వాళ్లు రెగే పాతబడిందన్నారు. కీబోర్డు ఒకటి, పాడే అమ్మాయి ఒకతె చాలన్నారు. ఖల్ఫాన్ ఏదో ఆఫీసులో ఉద్యోగానికి కుదిరాడు. సాక్సాఫోను హోటల్‌ది, సామాను గదికే పోయింది. ఆ వారమే లింబాద్రి జడలు కత్తిరించుకుని రుస్తాఖ్ వచ్చాడు. భూమయ్య కత్తి నూరుకుంటున్నాడు. సునీత టీ గ్లాసులతో గుమ్మంలో ఉంది.

"అన్నా, ఇంటికి పోతా. మేళంల కూసుంట. పాట అడుగుత లేను. సురుతి పడతా, చాలు."

భూమయ్య కత్తి నూరడం ఆపకుండానే, "ఇప్పుడు కోసినవు. హోటలోడు పొమ్మన్నంక" అన్నాడు.

లింబాద్రి పొట్టి జుట్టు తడుముకున్నాడు.

"బాపు సన్నాయి పక్కకు ఎట్ల కూసుంటవురా? నలుగురు నన్నడిగితే ఏం చెప్పాలె? పాస్‌పోర్టు ఇయ్యలేదు, మంచిది. రాలేకపోయినవు, అదీ మంచిదే. ఈడ షాపు లేదా? కత్తి లేదా? గీకేటోడు దొరకలేదా? ఒక్క ముచ్చట చెప్పు, నేనే నలుగురికి చెప్తా."

గ్లాసులు సునీత చేతిలో కాలుతున్నాయి. లింబాద్రి ఆమె వైపు చూడలేదు. చూసి ఉంటే చెప్పేసేదాన్నేమో అని ఆమె తర్వాత ఎన్నోసార్లు అనుకుంది. చూడకపోవడం ఆమె మంచికేనని కూడా ఆమెకు తెలుసు.

"నా బుద్ధేనే అన్నా" అన్నాడు లింబాద్రి.

భూమయ్య కత్తి తుడిచి పెట్టెలో పెట్టాడు. సునీత టీ ఇచ్చింది. ముగ్గురూ తాగారు.

లింబాద్రి ఊరికి పోలేదు. బర్కాలో ఒక క్షౌరశాలలో చేరాడు. అక్కడికి వచ్చే తోటపనివాళ్లకు అతను చెయ్యి తేలికైన మంగలి, అంతవరకే. అంజి కూడా అక్కడే జుట్టు కత్తిరించుకుంటాడు. కుర్చీలో కూర్చునే అదే కథ కొత్తవాళ్లకు చెబుతాడు. లింబాద్రి అంజి తలను పక్కకు వంచి, చెవి వెనక కత్తిరిస్తాడు.

తొంభై మూడు డిసెంబరులో, తండ్రి పోయిన పదో రోజు శుక్రవారం. షాపు మూసి ఉంది. తాళంచెవి సునీత దగ్గర ఉంది. లింబాద్రి ఖురం నుంచి టాక్సీలు మారి వచ్చాడు. షాపు వెనక కుళాయి కింద తలారా స్నానం చేసి, తడి జడలతో కుర్చీలో కూర్చుని, కత్తి ఆమె చేతికి ఇచ్చాడు.

"పరాయి చెయ్యి వద్దు వదినె. నువ్వు మంగలి బిడ్డవే గద. గియ్యి."

ఆమె మొదటి జడ ఎత్తి పట్టుకుంది. నీళ్లకు బరువెక్కి ఉంది. వచ్చే నెల ఒప్పందం గుర్తొచ్చింది. సముద్రం ఒడ్డున చూసిన ముఖం గుర్తొచ్చింది.

"ఆడ అన్న గీకిచ్చుకున్నడు. ఇద్దరి తరపున అదే చాలు. లే" అంది.

"చాలంటవా?"

"చాలు. నేను చెప్తున్న గద."

అతను తల ఇంకొంచెం వంచాడు. తర్వాత, "నువ్వన్నవంటే సరే" అని లేచి, తడి జుట్టుతోనే టాక్సీ స్టాండుకు పోయాడు.

ఆ రోజు లింబాద్రి తల వంచే కూర్చున్నాడు. కత్తి మడిచింది సునీత.