నేను ఫేటల్ వేసిన నిశ్శబ్దం

2022వ సంవత్సరం. మాదాపూర్‌లో మెట్రో దిగి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, ఒక అద్దాల భవనం నాలుగో అంతస్తులో మా ఆఫీసు. ఇంట్లో వాడే యంత్రాలు అమ్మే ఒక కంపెనీకి తెలుగు కస్టమర్ కేర్ మేమే నడిపేవాళ్లం. ఫ్రిజ్ చల్లబడకపోయినా, వాషింగ్ మెషిన్ తిరగకపోయినా రెండు రాష్ట్రాల నుంచి వచ్చే ఫోన్లు ఆ అంతస్తులోనే మోగేవి. నేను అక్కడ క్వాలిటీ మేనేజర్‌ని. ఏజెంట్లు, అంటే ఫోన్లు ఎత్తే ఉద్యోగులు, కస్టమర్లతో ఎలా మాట్లాడారో రికార్డింగులు విని మార్కులు వేయడం నా పని. నేను జీతం తీసుకున్నది వినడానికే.

ఆ ఏడాది వచ్చిన ఒక కాల్‌ను తర్వాత రెండేళ్లపాటు నా ట్రైనింగ్ క్లాసుల్లో వినిపించాను. ఏం చేయకూడదో చెప్పడానికి. ఇది చదివేవాళ్లలో ఆ క్లాసుల్లో కూర్చున్నవాళ్లు కొందరైనా ఉంటారు. ఆ కాల్ గురించి నేను మీకు చెప్పింది నిజం కాదు.

మా పనిలో కాలిబ్రేషన్ అని ఒక పద్ధతి ఉంది. క్వాలిటీ వాళ్లం అందరం ఒక గదిలో కూర్చుని ఒకే కాల్ వింటాం. ఎవరి మార్కు వాళ్లు చీటీ మీద రాసి మడిచిపెడతాం. తర్వాత చీటీలు విప్పి పోట్లాడుకుంటాం. "ఆయన గొంతులో కోపం నీకు వినబడలేదా?" అని ఒకరు, "అది కోపం కాదయ్యా బాబూ, ఆకలి. భోజనం వేళకి ఫోన్ చేశాడు" అని ఇంకొకరు. ఆ పోట్లాటల్లోనే నేను వినడం నేర్చుకున్నాను. ఒక మనిషి ఊపిరి తీసుకునే తీరును బట్టి అతను ఫోన్ పెట్టేయబోతున్నాడని చెప్పగలిగేవాణ్ని.

ఆ ఏడాదే సాఫ్ట్‌వేర్ వచ్చింది. మేము నెలకు కొన్ని కాల్స్ మాత్రమే వినేవాళ్లం. అది అన్నీ వింటుంది. ప్రతి కాల్‌నూ ఒక రంగుల గీతగా స్క్రీన్ మీద పరుస్తుంది. మామూలుగా మాట్లాడితే పచ్చ, కోపం వస్తే ఎరుపు, ఎవరూ మాట్లాడకపోతే బూడిదరంగు. ఆ బూడిదరంగును డెడ్ ఎయిర్ అంటారు. అది హద్దు దాటితే ఫేటల్, అంటే మిగతాదంతా ఎంత బాగున్నా ఆ కాల్‌కు సున్నా. ఫోన్ నడుస్తుండగానే ఏజెంట్ ముందు అది మాటలు కూడా వేస్తుంది. కస్టమర్ గొంతు వణికితే చాలు, "మీ ఇబ్బందిని నేను అర్థం చేసుకోగలనండి" అన్న వాక్యం తెర మీద మెరుస్తూ ఉంటుంది, చదివేదాకా.

ఏజెంట్లు దానికి అత్తమ్మ అని పేరు పెట్టారు. "పొద్దుగాల నుంచి అత్తమ్మ మొఖం మాడ్చుకునే ఉందిరా, ఇయ్యాల నా పని అయిపాయె" అనుకునేవాళ్లు. మేమూ నవ్వేవాళ్లం. నవ్వుతూనే చీటీలు రాయడం మానేశాం. స్కోరు ఎదురుగా గోడ మీది తెరపై కనబడుతుంటే చీటీ ఎందుకు?

ఒక్క పని మాత్రం మాకు మిగిల్చారు. యంత్రం ఫేటల్ అన్నదాన్ని ఒక మనిషి విని ఖాయం చేయాలి. ఆ మనిషిని నేనే.

రేణుక మా దగ్గర మూడో ఏడాది నడుస్తున్న ఏజెంటు. శంకర్‌పల్లి వైపు పిల్ల, బాలానగర్‌లో కాపురం. భర్త అక్కడే లేత్ మెషిన్ మీద పనిచేసేవాడు, పని ఒక రోజు ఉంటే ఒక రోజు ఉండేది కాదు. ఇల్లు నడిచేది ఈమె ఉద్యోగం మీద. సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆమె స్కోర్లు పడిపోయాయి. నిదానంగా మాట్లాడే మనిషి. ఆమెను పిప్‌లో పెట్టారు. పనితీరు మెరుగుపరుచుకోవడానికి ఇచ్చే ఆఖరి గడువు అది. ఆ గడువులో ఒక్క ఫేటల్ పడినా ఉద్యోగం పోతుంది. సరిగ్గా అప్పుడే ఈ కాల్ ఫేటల్‌గా నా ముందుకు వచ్చింది.

ఆ రోజు సర్వర్ నెమ్మదిగా ఉంది. గీత రాలేదు, ముందు శబ్దం ఒక్కటే వచ్చింది. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఖాళీ తెర ముందు విన్నాను.

ఫోన్ చేసినాయన పేరు మల్లేశం, పటాన్‌చెరు నుంచి. వాషింగ్ మెషిన్ తలుపు బిగుసుకుపోయి తెరుచుకోవడం లేదు.

"మీ మెకానిక్ వచ్చిండు బిడ్డా. డోర్ పలగ్గొట్టాలె అన్నడు. నేను వద్దని పంపిచ్చిన."

"లోపల ఏమన్న ఉన్నయా సార్?"

"బట్టలున్నయి. మా ఆమె ఏసింది. మిషన్ చాలు చేసి, గట్లనే కిందవడ్డది. దవాఖానకు తీస్కపోయినం. మళ్ల ఇంటికి రాలే. ఆమె చీర అండ్లనే ఉన్నది బిడ్డా."

తర్వాత ఆయన మాట్లాడలేదు. రేణుకా మాట్లాడలేదు. ఆయన ఏడుపు మొదట రాలేదు, తర్వాత వచ్చింది. ఎక్కడో పక్కింట్లో కుక్కర్ కూత వేసింది. రేణుక ఒక్కసారి మాత్రం, "నేనున్న కాకా. తొందరేం లేదు" అంది. మళ్లీ ఊరుకుంది. చాలాసేపటికి ఆయనే అన్నాడు.

"ఆ పలగ్గొట్టే సప్పుడు నేను ఇనలేను."

"పలగ్గొట్టే పనే లేదు కాకా. మిషన్‌కు కింద మూలకు చిన్న మూత ఉంటది, సూడుండ్రి. అది తీస్తే నీళ్లు పోతయి. పక్కకే ఒక తాడు లెక్క ఉంటది. మెల్లగ గుంజుండ్రి."

నీళ్లు పారిన చప్పుడు. ఒక క్లిక్. "ఒచ్చింది" అన్నాడాయన. రేణుక ఏమీ అనలేదు. కొంతసేపటికి ఆయనే ఫోన్ పెట్టేశాడు.

కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. ఇది నిజం. ఇన్నేళ్లలో ఇంత మంచి కాల్ వినలేదనుకున్నాను. అదీ నిజం. ఆ మాట ఒక చీటీ మీద రాసి ఉంటే ఈ వ్యాసం రాయవలసి వచ్చేది కాదు.

అప్పుడు గీత వచ్చింది. మధ్యలో ఈ చివర నుంచి ఆ చివరకు బూడిదరంగు పట్టీ. పక్కన యంత్రం రాసిన లోపాలు: ఎంపతీ వాక్యం, అంటే తెర మీద మెరిసిన ఓదార్పు మాట, చదవలేదు. ముగింపులో "ఇంకేమైనా సహాయం కావాలా అండి" అని అడగలేదు. కస్టమర్ అసంతృప్తితో ఫోన్ పెట్టేశాడు. స్కోరు సున్నా.

మళ్లీ విన్నాను, ఈసారి గీతను చూస్తూ. భయపడి సంతకం పెట్టానని చెప్పుకుంటే నాకు తేలికగా ఉండేది. ఆపరేషన్స్ మేనేజర్ ప్రవీణ్ కూడా పెద్దగా ఒత్తిడి చేయలేదు. "మూర్తిగారూ, మీరు ఓవర్‌రూల్ చేస్తానంటే చేయండి. క్లయింట్ అడిగితే ఎందుకో మీరే చెప్పాలి, అంతే" అన్నాడు. జరిగింది వేరు. రెండోసారి నాకు ఆ కాల్ నిజంగానే చెడ్డగా వినబడింది. బూడిదరంగు వచ్చినప్పుడల్లా, ఈ అమ్మాయి మాట్లాడదేమిటి, కస్టమర్‌ను అలా గాలికి వదిలేసిందేమిటి అని చిరాకు వేసింది. మొదట విన్న చెవులు ఏమయ్యాయో తెలియదు. ఖాయం చేశాను.

మర్నాడు రేణుక నా సీటు దగ్గరికి వచ్చింది.

"ఇన్నరా సార్?"

"విన్నానమ్మా."

"ఇని గూడ ఫేటల్ ఏసిండ్రా?"

"లిమిట్ దాటింది కదమ్మా. ఆ వాక్యం ఒక్కటి చదివినా సరిపోయేది. ఎదురుగా మెరుస్తూనే ఉంది కదా."

"మెరిసింది సార్. చదివితే ఆయన ఏడ్సుడు ఆపి, సరే మేడమ్ అని ఫోన్ పెట్టేస్తుండె. మీ దిక్కు ఎవరన్న పోతే సుట్టాలొచ్చి ఏం జేస్తరు సార్? పక్కకు కూసుంటరు గదా. మీ ఇబ్బందిని అర్థం చేసుకోగలను అంటరా?"

"ఇది ఇల్లు కాదమ్మా, ప్రాసెస్."

"ఒక్కసారి ఆ స్క్రీన్ దిక్కు సూడకుండ ఇనుండ్రి. నాకోసం."

ఆమె ఎదురుగానే కాల్ పెట్టాను. స్క్రీన్ ఆపలేదు. గీత మీద జరుగుతున్న చుక్క వెంట నా కళ్లు జరుగుతూనే ఉన్నాయి. కాల్ సగానికి రాకముందే ఆమె లేచింది.

"మీరు ఇంటలేరు సార్. సూస్తున్నరు."

ఆ వారంలోనే ఆమెను తీసేశారు. హెడ్‌సెట్, ఐడీ కార్డు అప్పజెప్పి లిఫ్టు వైపు వెళ్తూ నా సీటు దగ్గర ఆగింది. "అత్తమ్మకు చెప్పుండ్రి సార్, కోడలు పోయిందని" అంది. చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు.

తర్వాత ఆ కాల్ నా క్లాసుల్లోకి వచ్చింది. బూడిద పట్టీని పెద్ద తెర మీద చూపించి, "ఇక్కడ ఏజెంటుకు ఏం మాట్లాడాలో తెలియలేదు. మీరైతే ఏమంటారు?" అని అడిగేవాణ్ని. పిల్లలు చేతులెత్తేవాళ్లు. ఒకడు, "సార్, ఆమె నిద్రపోయిందేమో" అన్నాడు. గది అంతా నవ్వింది. నేను కూడా.

రెండేళ్ల తర్వాత ఒక ఫోన్ తిరిగి తిరిగి నా దగ్గరికి వచ్చింది. కస్టమర్ ఎవరితోనూ మాట్లాడనంటున్నాడని, రేణుక అనే అమ్మాయే కావాలంటున్నాడని చెప్పి కలిపారు. మల్లేశంగారు.

"మిషన్ మళ్ల ఖరాబైంది సారూ. అది సరే, చేయించుకుంట. ఆ బిడ్డను ఒక్కసారి లైన్లకు పిలువుండ్రి."

"ఆమె ఇప్పుడు ఇక్కడ పనిచేయడం లేదండి."

"ఏమైంది?"

రికార్డు తెరిచి చూశాను. అందులో ఉన్నదే చెప్పాను. "ఆ రోజు ఆమె మీతో సరిగా మాట్లాడలేదండి. మా తరఫున క్షమాపణ చెబుతున్నాను."

"ఎవరన్నరు?" గొంతు పెరిగింది. "నేనేమన్న కంప్లైంట్ ఇచ్చిన్నా? ఆ పది దినాలు మా ఇంట్ల అందరు మాట్లాడెటోల్లే సారూ. ధైర్యం చెప్పుడు, భగవద్గీత చదువుమనుడు, ఫోన్ల దండం బొమ్మలు పంపుడు. ఒక్కరు నన్ను ఏడ్వనియ్యలే. ఏడ్వనిచ్చింది ఆ పిల్ల ఒక్కతే. గామెను తీసేసిండ్రా? మీరు మనుషులేనా?"

ఆయన పెట్టేశాక స్క్రీన్ ఆపి, ఆ కాల్ మళ్లీ విన్నాను. కుక్కర్ కూత వినబడింది. క్లాసుల్లో అన్నిసార్లు వినిపించాను, ఆ కూత ఒక్కసారి కూడా నా చెవిన పడలేదు. కళ్లు మూసుకున్నా మధ్యమధ్య బూడిద పట్టీ కనబడుతూనే ఉంది.

స్కోరు దిద్దమని అడిగాను. మూసేసిన సంవత్సరాల స్కోర్లను సాఫ్ట్‌వేర్ తెరవదట. రేణుక నంబరు సంపాదించి ఫోన్ చేశాను. గచ్చిబౌలిలో ఇంకో కాల్ సెంటర్‌లో చేస్తోందట. మల్లేశంగారి మాట చెప్పాను. నా తప్పు చెప్పాను. వెనక్కి రమ్మని, నేను పూచీ ఉంటానని అన్నాను.

"వద్దు సార్. ఈడ మంచిగనే ఉన్న. ఈడ గూడ అత్తమ్మ ఉంది. మూడు నెలల సంది ఫ్లోర్ల నేనే ఫస్ట్."

"ఎలాగమ్మా?"

"ఆగుడు బంద్ చేసిన సార్. ఫోన్ల ఎవరన్న ఏడిస్తే ఎంటనే మాట అందుకుంట. మీరు నేర్పిందే గదా."

ఆమే ఇంకా చెప్పింది.

"మొన్న మా చెల్లె ఫోన్ జేసింది సార్. దానికి కడుపు పోయింది. నేను ఇంట్లనే ఉన్న, కూరగాయలు కోసుకుంట. అది ఏడుస్తుంటే నాకు ఆగబుద్ధి కాలే. నీ బాధ అర్థమైతుంది, ఫికర్ చెయ్యకు, ఇంకేమన్న ఉంటే చెప్పు అన్న. నోట్లకెల్లి దానంతటదే వచ్చింది. అది ఏడ్సుడు ఆపింది. అక్కా, నువ్వు డ్యూటీల ఉన్నవా, మళ్ల చేయాల్నా అన్నది."

ఆ కాల్‌లో ఏజెంటుకు ఏం మాట్లాడాలో తెలియలేదని నా క్లాసుల్లో చెప్పాను. ఆమెకు తెలుసు. ఎప్పుడు మాట్లాడకూడదో కూడా తెలుసు. తెలియనిది నాకు, కాదు, తెలిసి కూడా తెర చూశాక మరిచిపోయింది నేను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదొక్కటే: ముందు వినండి, మీ మార్కు కాగితం మీద రాయండి, ఆ తర్వాతే స్క్రీన్ తెరవండి. యంత్రం తప్పు చేస్తుందని కాదు. దాని జవాబు చూశాక మీ చెవులు మీవి కావు.

రేణుక ఉద్యోగం పోగొట్టానని చాలాకాలం బాధపడతాననుకున్నాను. ఉద్యోగం ఆమె మళ్లీ సంపాదించుకుంది. నేను నిజంగా పోగొట్టిందేమిటో ఆ చెల్లెలికి తెలుసు.