గురక ఆగినప్పుడు

ఈ రోజు బీపీ చూపించుకుందామని నరసరావుపేటలో డాక్టరు దగ్గరికి వెళ్లాను. నా ముందు వంతు దాచేపల్లి సిమెంటు లారీ డ్రైవరుది. పక్కన భార్య ఉంది. మూడు రకాల మాత్రలు వేసుకుంటున్నా ఆయన బీపీ దిగడం లేదు.

“రాత్రి నిద్ర పడుతోందా?” అని డాక్టరు అడిగారు.

భార్య నవ్వింది. “పడకేం సార్! ఈయన గురకకి పక్కింటి పిన్ని కూడా లేచి కూచుంటది. మధ్య మధ్యలో కాసేపు చప్పుడుండదు. అప్పుడే నాకింత కునుకు పడతది.”

డాక్టరు నవ్వలేదు. “అమ్మా, ఆ కాసేపు ఈయనకి ఊపిరి ఆడటం లేదేమో. బీపీ దిగకపోవడానికి అదే కారణం కావచ్చు. నిద్ర పరీక్ష చేయించాలి. బండి మీద కళ్లు మూతలు పడుతున్నాయా?”

“అప్పుడప్పుడు,” అన్నాడు డ్రైవరు.

“పరీక్ష అయ్యేదాకా లారీ ఎక్కొద్దు.”

“లోడెక్కించాం సార్. ఈ ఒక్క ట్రిప్పు.”

నేను చూపించుకుని బయటికి వచ్చేసరికి, రోడ్డు పక్కన ఆపిన లారీలో ఆయన స్టీరింగు ముందు కూర్చున్నాడు. భార్య కూడా కేబిన్‌లోకి ఎక్కుతోంది. “నేనూ వస్తన్నా. నిద్ర రాకుండా మాట్లాడతా ఉంటాలే,” అంది.

రాత్రుళ్లు ఆమెకూ నిద్ర లేదన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. లారీ కదిలింది.

మీ ఇంట్లో గురక ఆగితే మీరేం చేస్తున్నారు? హమ్మయ్య అని పడుకుంటున్నారా?