అప్పు పడని దేవరాజు

కొందరికి వంకాయ పడదు, కొందరికి దుమ్ము పడదు. మేస్త్రీ దేవరాజుకు అప్పు పడదు. నెత్తి మీద ఒక్క రూపాయి బాకీ ఉందంటే చాలు, మనిషి కూర్చోలేడు, నిలబడలేడు, కంచం ముందు పెట్టుకుని ముద్ద కలపలేడు. ఆయనతో ఇన్నేళ్ళు కాపురం చేసిన మణెమ్మ ఈ రోగానికి మందు వెతికి వెతికి విసిగిపోయి, ఆఖరికి "మా ఇంటాయనకు బాకీ దురద" అని పేరు పెట్టి ఊరుకుంది.

వనపర్తిలో ఒకసారి టీ కొట్టువాడు చిల్లర లేదని "రేపియ్యి కాకా" అన్నాడు. అంతే, దేవరాజు అడ్డం తిరిగాడు.

"రేపటికి నేను సస్తే?"

"సస్తే ఇడిసిపెట్టు. నేనేం అడగను."

"నువ్వు అడగవురా. పైనున్నోడు అడుగుతడు!"

తన ఊరు పెద్దమందడికి పోయే బస్సు కళ్ళముందే వెళ్ళిపోతున్నా కదలకుండా, దారిన పోయేవాళ్ళందరినీ నిలేసి చిల్లర సంపాదించి, బాకీ తీర్చి, నడుచుకుంటూ ఇల్లు చేరాడు. చెమటలు చూసి మణెమ్మ కంగారుపడితే, "ఏం కాలే, పాణం తేలికైంది" అన్నాడు.

చదివింపుల సంగతైతే ఇంకా ఘోరం. పెళ్ళిలో ఎవరేం చదివించారో రాసిపెట్టుకుని, మళ్ళీ వాళ్ళింట్లో శుభకార్యం జరిగినప్పుడు తిరిగి చదివించడం మన పద్ధతి. లోకంలో అందరూ పదేళ్ళయినా హాయిగా ఆగుతారు. దేవరాజు ఆగడు. కూతురి పెళ్ళయిన వారానికే, ఆ పెళ్ళిలో చీర చదివించిన ఈదమ్మ ఇంటి మీద, బదులు చీర చంకన పెట్టుకుని పడ్డాడు.

"అక్కా, మీ ఇంట్ల ఫంక్షన్ ఎప్పుడు?"

"ఇంకేం ఫంక్షన్ తమ్మీ, అందరి పెండ్లిళ్ళు అయిపాయె."

"మనుమనికి చెవులు కుట్టియ్యి."

"నిరుడే కుట్టిచ్చినం."

"అయితే గా దూడకన్నా ఏమన్న చెయ్యక్కా, నీ కాళ్ళు మొక్కుత!"

పాపం ఈదమ్మ, పీడ విరగడవుతుందని దూడ మెడలో ఒక బంతిపూల దండ వేసి, బొట్టు పెట్టి, ఆ చీర చదివించుకుంది. దూడ సిగ్గుపడి తల దించుకుందని చూసినవాళ్ళు ఇప్పటికీ చెబుతారు.

అలాంటి మనిషి చేత బ్యాంకులో అప్పు తీయించాల్సిన గతి మణెమ్మకు పట్టింది.

ఇద్దరూ పుణెకు వలసపోయి, అక్కడ ఊళ్ళోవాళ్ళ మేడలన్నీ కట్టీ కట్టీ కూడబెట్టిన సొమ్ముతో వనపర్తి చివర రెండు గదుల ఇల్లు బేరమాడారు. రొక్కం సరిపోతుంది. కాని అంతా ఇల్లే మింగేస్తే, పొట్టకోసం మళ్ళీ పుణె బండి ఎక్కాల్సిందే. ఇటుకలు మోయడం ఇక మావల్ల కాదని మణెమ్మ మోకాళ్ళు ఎప్పుడో తేల్చి చెప్పేశాయి. అప్పుడు బ్యాంకులో పనిచేసే శైలజ ఒక దారి చూపించింది. పెద్దమందడి పిల్లే, వాళ్ళ ఎదుటే పెరిగింది.

"ఇల్లు కొనేటోళ్ళకు సర్కారు సబ్సిడీ ఇస్తది పెద్దమ్మా. కాని బ్యాంకు లోను తీసుకున్నోళ్ళకే. ఇల్లు నీ పేరు మీద, లోను మీ ఇద్దరి పేరు మీద పెడ్త. కొన్నొద్దులు ఇల్లు తాకట్టుంటది. సబ్సిడీ పడినంక లోను కట్టేసి కాగితాలు తెచ్చుకోండ్రి. అంతకుముందే కడితిరో, సబ్సిడీ గోవిందా!"

"రొక్కం చేతిల పెట్టుకొని అప్పు చేసుడా!" అని దేవరాజు రెండు చెవులూ మూసుకున్నాడు.

"సబ్సిడీ వస్తే రెండు బర్రెలు కొనుక్కొని ఈడనే బతుకుదామయ్యా" అంది మణెమ్మ. "లేకుంటే మళ్ళ పుణెనే. నాతోని కాదు."

దేవరాజు ఆమె మోకాళ్ళ వంక చూశాడు. సూది వేయించుకునే పిల్లవాడిలా పళ్ళు బిగించి, శైలజ వేలు పెట్టిన చోటల్లా సంతకం చేశాడు.

కొత్తింట్లో పాలు పొంగించిన మర్నాడు పొద్దున లేచి చూస్తే మనిషి లేడు. లోను కట్టేయడానికే పోయాడని మణెమ్మకు తట్టింది. పరుగున వెళ్ళి చూస్తే, ఇంకా తలుపులు తీయని బ్యాంకు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"ఏమయ్యో, లోను కట్టనీకి వచ్చినవా?"

"ఊకెనే వచ్చిన."

"ఊకెనే బ్యాంకుకు ఎవడన్న వస్తడా?"

"లోపట చల్లగుంటది."

అది మొదలు రోజూ ఇదే తంతు. మణెమ్మ పాసుబుక్కు తీసి బియ్యం డబ్బాలో దాచింది. అయినా వెళ్ళాడు. "మా ఆయనను బ్యాంకు దిక్కు తోలుకపోయినవంటే నీ టైర్ల గాలి తీస్త" అని ఆటో శివకుమార్‌ను బెదిరించింది. నడిచి వెళ్ళాడు. చెప్పులు దాచింది. ఒట్టి కాళ్ళతో వెళ్ళాడు. ఇక లాభం లేదని ఉన్న అంగీలన్నీ బకెట్లో నానబెట్టింది. దుప్పటి కప్పుకుని వెళ్ళాడు! మండుటెండలో దుప్పటి ముసుగుతో బ్యాంకులోకి వస్తున్న మనిషిని చూసి వాచ్‌మన్ తుపాకీ సర్దుకుని, ముసుగు తీశాక "నువ్వా పెద్దాయనా" అని కుర్చీ వేశాడు.

దుప్పటి కబురు వినగానే మణెమ్మ, పిండుతున్న తడి అంగీతోనే బ్యాంకులోకి ఉరికింది.

"శైలజా, నీకు దండం పెడ్త బిడ్డా, ఈయన పైసలు తీసుకోకు! కట్టిండా? నా బర్రెలు పాయెనా?"

శైలజ తెల్లబోయింది. "ఏం పైసలు పెద్దమ్మా? పెద్దనాయన ఒక్కనాడు గూడ పైసలు తేలే."

"మరి రోజూ ఏంటికి వస్తుండు?"

"లోనుల నీ పేరు కొట్టెయ్యమని నా పాణం తీస్తుండు. ఇల్లు మా ఇంటామెది, అప్పు మాత్రం నా ఒక్కని మీద రాయి అంటుండు. గట్ల చేస్తే సబ్సిడీ ఆగుతదని చెప్తే ఇంటలేడు."

మణెమ్మ మొగుడి వైపు తిరిగింది. "అప్పంటెనే నీకు పడదు గదయ్యా!"

"పడదు" అన్నాడు దేవరాజు దుప్పటిలో ముడుచుకుపోతూ. "అందుకే అదెట్ల సతాయిస్తదో నాకు ఎరుక. నీకెందుకా పరేషాని? నువ్వు కడుపు నిండ తిని, కంటి నిండ పండుకో. అప్పంత నేను పడ్త."

మణెమ్మకు ఆ మనిషి మీద పట్టలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. చుట్టూ జనం ఉన్నారు కాబట్టి, తడి అంగీతో వీపు మీద ఒక్కటి వేసి సరిపెట్టుకుంది.

సబ్సిడీ తర్వాత పడనే పడింది, బర్రెలూ వచ్చాయి. కాని ఆ పూట బ్యాంకులో జరిగిన కొట్లాట ముందు అవేవీ లెక్క కాదు. లోను కోసం, లోను మాఫీ కోసం కొట్లాడేవాళ్ళను చూసిన మేనేజరు, అప్పు నాదంటే నాదని మొగుడూ పెళ్ళాం కొట్లాడుకోవడం చూడడానికి గదిలోంచి బయటికొచ్చి నిలబడ్డాడు.

"ఇటుకలు ఇద్దరం మోయలేదా?" అని మణెమ్మ గదమాయించింది. "అప్పుల సగం నాది. నా సగం ముట్టుకున్నవంటే చూడు!"

దేవరాజు దుప్పటి సర్దుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ అడగని మాట, గొంతు సవరించుకుని మరీ అడిగాడు.

"అయితే జర నీ సగం నాకు అప్పియ్యవే."

"మళ్ళెప్పుడిస్తవు?"

"ఎన్నటికీ ఇయ్య" అన్నాడు దేవరాజు.