నేను బయల్దేరదీసిన అమెరికా ఓడలు

మేం ఓడెక్కి కూలికొచ్చిన రబ్బరు తోటలో నా నోటికి ఒక పేరుంది. పులి నా చేతిలో కత్తి లాక్కుని రబ్బరు పాలకి నాలుగు చెట్లు గీసిందనీ, నాకన్నా నున్నగా గీసిందనీ ఒకసారి చెప్పాను. మా కూలీల మేస్త్రీ కంగాణీ కూడా వెళ్లి ఆ చెట్లు చూసి వచ్చాడు. అలాంటి అబద్ధాల వల్ల ఎవరికీ నష్టం లేదు. ఒక్కదాని వల్ల మాత్రం జరిగింది.

సుంగై సిపుట్‌ ఊరికి వెళ్లే దారిలో, తోట గేటు పక్కన ఒక చీనావాడి కొట్టు ఉండేది. అతన్ని అందరం తౌకే అనేవాళ్లం, షావుకారని అర్థం. ఇరవై ఏళ్లు మా మధ్యే ఉండి మా కూలి ఇళ్ల లైన్ల తెలుగు బాగానే పట్టేశాడు. అతని భార్యా, తొమ్మిదేళ్ల కూతురూ చైనాలో కాంటన్‌లో ఉండేవారు. పదేళ్ల కిందట ఒకసారి ఊరెళ్లి వచ్చాక పుట్టిన ఆ పిల్లని అతను చూడలేదు. ఫొటో మాత్రం పంచదార డబ్బాకి ఆనించి పెట్టుకున్నాడు.

జపాను చైనా మీద పడిన ఏడాది అది. తోట గుమాస్తా చదివి పడేసిన అరవ పత్రికని, పాలు తూకం వేయించి వచ్చాక తౌకే బల్ల మీద పరిచి చదివేవాణ్ణి. చీనా పత్రిక అతనికీ వచ్చేది. అయినా నన్నే అడిగేవాడు.

"మా పేపర్లో మా ఏడుపే ఉంటాది అన్నే. దొరల మనసులో ఏటుందో మీ పేపర్లోనే తెలుస్తాది. అమెరికా వస్తందా?"

పత్రికలో ఉన్నది వేరు. పరాయి దేశాల యుద్ధాల్లో తలదూర్చం అంటోంది అమెరికా. అతని ముఖం చూస్తూ ఆ ముక్క చదవడం నా వల్ల కాలేదు. "ఓడలకి బొగ్గు ఎక్కించేస్తన్నారు తౌకే," అన్నాను. తౌకే నా కాఫీలో డబ్బా పాలు ఇంకో చెంచా వేశాడు. ఆ చెంచా కోసమే అన్నానంటుంది మా ఆవిడ. కాదు. పూర్తిగా కాదు.

నాకు నమ్మకం కూడా ఉండేది. మా రబ్బరు చాలావరకు అమెరికాకే పోయేది. ఆ ఏడు దొర ప్రతి చెట్టూ గీయించాడు. అన్ని టైర్లు సైన్యం బండ్లకి కాకపోతే ఎందుకు? ఇదే మా ఆవిడకి చెబితే నవ్వింది.

"మన లైన్లో బుర్రలు పగలగొట్టుకున్ననాడు దొర వొచ్చినాడేటి? తెల్లారి పాలు తూకానికి వొచ్చినాయా నేదా అనే సూసినాడు. ఆ దేశం దొరలు వేరేటి మావా?"

అంతలో చైనా నదిలో అమెరికా పడవనే జపాను ముంచేసిందని వార్త. మనుషులు చచ్చారని చదివి సంబరపడినవాణ్ణి నేను. ఆ వారమే కాంటన్ నుంచి తౌకే బావమరిది ఉత్తరం వచ్చింది: దారి ఇంకా తెరిచే ఉంది, ఇద్దర్నీ ఓడెక్కించనా?

"మా అత్త మంచాన ఉంది," అన్నాడు తౌకే. "వొదిలి రానంటంది నా పెండ్లం. పిలవాలా, ఆగమనాలా?"

"ఆగమను. సొంత పడవ ముంచినాక అమెరికా ఊరుకుంటాదా? ఓడలు సగం దారికి వొచ్చేసినాయి."

ఆగమని నా ఎదుటే రాశాడు.

కొన్నాళ్లకి జపాను క్షమాపణ చెప్పింది, అమెరికా సరేనంది. ఆ పేజీ మడిచి నడుము గుడ్డలో దోపుకుని ఇంటికి తెచ్చి ట్రంకు అడుగున దాచాను. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేక ఓడలకి తుఫాను తెచ్చాను, మరమ్మతులు తెచ్చాను. తరువాతి ఏడు తోటలో చెట్లు గీయడం తగ్గించారు. అమెరికావాళ్లకి టైర్లు కూడా అక్కర్లేకపోయాయి. నా ఓడలు మాత్రం ఇంకా సముద్రం మీదే ఉన్నాయి.

కాంటన్ జపాను చేతికి పోయిన రోజుల్లో తౌకే నన్నేమీ అడగలేదు. ఉత్తరాలు ఆగిపోయాయి. చాలా కాలానికి హాంకాంగు నుంచి బావమరిది రాశాడు. తౌకే ఆ కాగితం మీద వేలు పెట్టి మెల్లగా చెప్పాడు.

"పోదాం రమ్మన్నాడంట. మా ఆయన ఆగమన్నాడని నా పెండ్లం నా ఉత్తరం సూపించినాదంట. బావమరిదొక్కడే దాటినాడు. ఇప్పుడు వాళ్లున్న వీధే నేదంట."

అంతా చెప్పేశాను. ఓడలు లేవు, ఎప్పుడూ లేవు అని, ట్రంకులో దాచిన పేజీ సంగతీ. కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

"ఆ పేపరుందా అన్నే?"

"ఉంది."

"తే. ఉన్నది ఉన్నట్టు సదువు."

తెచ్చాను. ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చోబెట్టాడు. జపాను విచారం వెలిబుచ్చిందనీ, అమెరికా దాన్ని అంగీకరించిందనీ, యుద్ధంలో దిగే ఉద్దేశం తమకు లేదన్నదనీ చదివాను. నాలుగు వాక్యాలు. నా నోరు ఒక్క మాట కూడా కలపలేదు.

ఉప్పు కోసం వచ్చిన ఆడవాళ్లు గుమ్మంలో నిలబడిపోయారు. తౌకే వాళ్లని చూడలేదు. పంచదార డబ్బా దగ్గరున్న ఫొటో తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇంకోసారి," అన్నాడు.