రకేరా నవ్వని పావుగంట

ఇంటి వెనక పది అడుగుల్లో బావి ఉన్నా, రకేరా ప్రతి ఉదయం ఊరికి ఆ చివరన ఉన్న బావికే వెళ్ళేది. చర్చి గంట మోగగానే లేచి, చాప మీదే మోకరించి ప్రార్థన చేసుకుని, రెండు బకెట్లు పట్టుకుని బయలుదేరేది. ఆ బావి నీళ్ళేమీ అమృతం కాదు. కాస్త ఉప్పు కూడా తగిలేవి. కానీ ఆ దారి అందరి ఇళ్ళ ముందు నుంచీ పోయేది. దారి పొడుగునా కొబ్బరిచెట్ల మీద కల్లు గీసేవాళ్ళు పాటలు పాడుతుండేవాళ్ళు. పైనుంచి ఒక చరణం వినపడగానే రకేరా కింద నుంచి తర్వాతి చరణం అందుకునేది.

"ఎక్కడికి పొద్దున్నే?" అని ఇళ్ళలోంచి అడిగేవాళ్ళు.

"నీళ్ళకి."

"మీ ఇంటెనక బావి ఎండిపోయిందా ఏంటి?"

"ఆ బావి దగ్గర మీరెవరూ లేరు కదా."

తిరిగొచ్చేసరికి ఒక బకెట్ సగం ఖాళీ అయ్యేది. బాలింత ఇంట్లో కొంత, చూపు ఆనని ముసలమ్మ కుండలో కొంత పోసి వచ్చేది. రెండో బకెట్‌ను దారిలో ఎవరో ఒకరు మోసిపెట్టేవాళ్ళు. వాళ్ళిచ్చిన చేప ముక్కో, సీమపనస కాయో ఆమె చంకలో ఉండేది. ఆమె పెనిమిటి ఇయోనే బతికున్న రోజుల్లో, "నిన్ను నీళ్ళకి పంపితే ఊరంతా మోసుకొస్తావే" అని వేళాకోళం చేసేవాడు. ఇంట్లో వాడకానికి నీళ్ళు మాత్రం ఆయనే వెనక బావిలోంచి తోడిపెట్టేవాడు. ఆ సంగతి బయట ఎవరికీ చెప్పేవాడు కాదు.

పసిఫిక్ సముద్రంలోని ఆ మయానా దీవిలో రకేరా పేరు ఎత్తితే అందరికీ గుర్తొచ్చేది మాత్రం బకెట్లు కాదు, ఆమె నవ్వు.

అక్కడ నాట్యం చేసేటప్పుడు నవ్వకూడదు. చేతులు రెండూ సముద్రపక్షి రెక్కల్లా చాచాలి, మెడ చటుక్కున తిప్పాలి, కళ్ళు దూరంగా చూడాలి. ఒళ్ళు వణికినా పరవాలేదు, కన్నీళ్ళు కారితే మరీ మంచిది. పెదవి మాత్రం కదలకూడదు. నవ్వడమంటే పాటను అవమానించినట్టే. రకేరాకు పంతొమ్మిదేళ్ళప్పుడు, కూర్చుని ఆడే ఆ నాట్యానికి ఊళ్ళ మధ్య జరిగే పోటీలో ఆమెను మొదటి వరసలో కూర్చోబెట్టారు. మూడో చరణం వరకూ అంతా బాగానే జరిగింది. వెనక వందమంది ఒక్కసారిగా చప్పట్లు కొట్టి గొంతెత్తేసరికి ఆమెకు వీపంతా పులకరించింది. నోరంతా తెరిచి నవ్వేసింది. గెలుపు కప్పు పక్క ఊరికి పోయింది.

ఆమెనెవరూ తిట్టలేదు. పెద్దలు ఆమెను వెనక వరసలోకి, చప్పట్లు కొట్టేవాళ్ళ మధ్యకు మార్చారంతే. అప్పటి నుంచి నలభై నాలుగేళ్ళు ఆమె చోటు అదే.

పాపం అనుకునేవాళ్ళున్నారు. రకేరాకు మాత్రం ఆ చోటులో లోటేమీ కనపడలేదు. పోటీ ఉండేది ఏడాదికి ఒక్క రోజు, పావుగంట. దానికోసం సాధన నాలుగు నెలలు. రోజూ సాయంత్రం నాలుగింటికి ఊరి సమావేశశాల మనేబాలో, ఆ పెద్ద మొగలాకుల పైకప్పు కింద, ఊరంతా చాపలేసుకుని కూర్చునేది. ముందు ప్రార్థన, తర్వాత పాట. పాట కట్టేదీ, చెక్కపెట్టె మీద దరువు వేసేదీ పెద్దాయన కౌరాబి. తాళం తప్పినవాడి మీదికి ఆయన చెప్పు ఎగిరేది. అది ఎప్పుడూ తగలవలసిన వాడికి తగలకుండా పక్కవాడికి తగిలేది. ఆ పక్కవాడే చెప్పు తీసుకెళ్ళి మర్యాదగా ఆయన పాదాల దగ్గర పెట్టేవాడు. నడుమ విరామంలో చేమదుంపలూ, కాల్చిన చేపా, తీపి కల్లూ చేతులు మారేవి. కొత్తగా వచ్చిన ఆడపిల్లలకు చేతులు చాచడం నేర్పే పని రకేరాది.

"చెయ్యి ఎత్తకు తల్లీ, చెయ్యి కింద గాలి ఉందనుకో. ఆ గాలే ఎత్తుతుంది" అని మోచేతి కింద తన వేలు ఆనించి ఉంచేది.

ఆ ఏడు సాధన మొదలైన రోజున ప్రార్థన కాగానే కౌరాబి గొంతు సవరించుకున్నాడు.

"నాకు డెబ్బై మూడొచ్చాయి. కప్పు మన ఊరికి వస్తే తృప్తిగా ఆపేస్తా. రాకపోతే సిగ్గుతో ఆపేస్తా. ఎటు చూసినా ఇదే ఆఖరు. నా తర్వాత పాట కట్టేవాడు ఈ ఊళ్ళో లేడు. మీరు కూడా సాయంత్రాలు చేపలు పట్టుకోవచ్చు."

"మీ చెప్పు తప్పించుకోవడమే అలవాటైపోయింది, చేపలు పట్టడం ఎవరికి గుర్తుంది?" అన్నారెవరో. అందరూ నవ్వారు. నవ్వడానికి మొట్టమొదట ఉండవలసిన రకేరా నవ్వలేదు. గెలిచినా అయిపోతుంది, ఓడినా అయిపోతుంది. నాలుగు నెలలు. ఆ తర్వాత సాయంత్రం నాలుగు గంటలనేదే ఉండదు.

ఆ రాత్రి ప్రార్థనలో, పోటీ రోజు రాకుండా చెయ్యమని దేవుణ్ణి అడగబోయి నాలుక కరుచుకుంది. ఊరంతా ఎదురుచూస్తున్న రోజును వద్దనడం తప్పనిపించింది. "ఉన్నన్నాళ్ళూ బాగా ఉండనీ తండ్రీ" అని మాత్రం అనుకుంది.

పోటీ పన్నెండు రోజులుందనగా మొదటి వరస మధ్యలో కూర్చునే తాబితా, అంటే రకేరా మేనకోడలు, మరిగే కల్లుపాకం చేతి మీద ఒలకబోసుకుంది. మోచేతి దాకా కట్టు కట్టారు. ఆ పాటకు చేతుల కదలికలన్నీ వచ్చిన మనిషి ఆ వరస బయట ఇంకెవరున్నారని వెతికితే, ఆ పిల్లకు నేర్పిన మనిషే ఉంది.

కౌరాబి స్వయంగా రకేరా ఇంటికి వచ్చి ఎత్తరుగు మీద కూర్చున్నాడు.

"నా మొహం సంగతి తెలిసే వచ్చావా పెద్దాయనా?" అంది రకేరా.

"తెలుసు. అప్పుడు నీకు ముప్ఫైరెండు పళ్ళూ ఉన్నాయి. ఇప్పుడు సగం లేవు. నవ్వినా దూరానికి అంత కనపడదులే."

"నీ పాట నా వల్ల పోతే?"

"పోతే పోతుంది. చెయ్యి తిరగని పిల్ల వల్ల పోయే కంటే నవ్వే ముసల్దాని వల్ల పోవడం నయం."

మర్నాటి నుంచి మనేబాలో జోకులు నిషేధం. రకేరా ఎక్కడ నవ్వుతుందోనని అందరూ బిగుసుకుని కూర్చున్నారు. చెప్పు కూడా ఎగరలేదు. మూడు రోజులు అలా గడిచేసరికి చప్పట్లలో ఊపిరి పోయింది. మరణించినవాళ్ళ ఇంట్లో పాడినట్టుంది పాట. రకేరా చేతులు సరిగ్గానే లేస్తున్నాయి, కానీ వాటి కింద గాలి లేదు. ఉన్న కొద్దిరోజులూ ఇలా పోతున్నాయే అని ఆమెకు లోపల ఏడుపొచ్చింది.

నాలుగో రోజు తాబితా కట్టు చేయి మెడకు వేలాడదీసుకుని వచ్చి, సరిగ్గా రకేరా ఎదురుగా చాప పరుచుకుంది.

"అత్తా, నీ నవ్వు మూత పెడితే పొంగే పాలు. మూత తీద్దాం. ఇక్కడే అంతా పొంగించేద్దాం" అని, కౌరాబి పెట్టె వాయిస్తూ నిద్రలోకి జారినప్పుడు ఎలా ఉంటాడో చేసి చూపించింది.

రకేరా పగలబడి నవ్వింది. కౌరాబి చెప్పు విసిరాడు. అది వంట తెచ్చిన పాస్టరుగారి భార్యకు తగిలింది. ఆవిడ కోపం తెచ్చుకోకపోగా చెప్పు తన కాలికి వేసుకుని, "కొలత సరిపోయింది, రెండోది కూడా విసరండి" అంది. ఇక ఆ సాయంత్రం పాట సాగలేదు.

ఆ తర్వాత రోజులన్నీ అదే పని. రకేరా చేతులు చాచి కూర్చుంటే ఒక్కొక్కరూ వచ్చి ఆమెను నవ్వించాలి. ఎప్పుడూ నోరు మెదపని మనిషి వచ్చి పీతలా నడిచాడు. చూపు ఆనని ముసలమ్మ తన పెళ్ళినాటి రహస్యమొకటి ఆమె చెవిలో ఊదింది. మొదట్లో పదిసార్లు నవ్వే రకేరా, వారం తిరిగేసరికి రెండుసార్లకు దిగింది. చప్పట్లలోకి ప్రాణం తిరిగొచ్చింది. పక్క ఊరివాళ్ళు విని, "అక్కడ సాధన చేస్తున్నారా, పెళ్ళి చేస్తున్నారా?" అని ఆరా తీశారట.

శనివారం పోటీ. నూనె రాసుకుని, తలకు పూలదండ కట్టుకుని, వరసలోకి వెళ్ళేముందు రకేరా కళ్ళు మూసుకుంది. "తండ్రీ, పావుగంట నా నవ్వు నీ దగ్గర పెట్టుకో. తిరిగిస్తావని నాకు తెలుసు."

పాట మొదలైంది. మూడో చరణంలో వెనక నుంచి చప్పట్లు ఒక్కసారిగా లేచాయి. ఆ చప్పట్లలో ఏది ఎవరిదో ఆమె చెప్పగలదు. బొంగురు గొంతు పీతలా నడిచిన మనిషిది. అర తాళం వెనకబడేది ముసలమ్మ. ఇన్ని గొంతులూ ఇలా ఒకచోట కలవడం ఇదే ఆఖరు అనిపించింది. పెదవి కదల్లేదు. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారి గడ్డం మీదుగా ఒళ్ళో పడ్డాయి. చూసేవాళ్ళలోంచి ఆడవాళ్ళు లేచొచ్చి, మెప్పుదలగా ఆమె మెడ మీద పౌడరు చల్లి, సెంటు కొట్టి వెళ్ళారు. వాళ్ళు పక్క ఊరివాళ్ళు.

కప్పు వచ్చింది. కౌరాబి దాన్ని ఒళ్ళో పెట్టుకుని పసిపిల్లవాడిలా ఏడ్చాడు. పంది మాంసం వండారు. రకేరాకు నవ్వు తిరిగొచ్చింది, బుగ్గలు నొప్పిపుట్టేంతగా. ఆదివారం చర్చిలో కృతజ్ఞతలు చెప్పుకున్నారు.

సోమవారం సాయంత్రం నాలుగింటికి రకేరా చాప చుట్టి చంకలో పెట్టుకుని మనేబాకు వెళ్ళింది. సగం దారిలో గుర్తొచ్చింది, ఇవాళ ఏమీ లేదని. అయినా వెనక్కి తిరగలేదు. లోపల ఒక కుక్క పడుకుని ఉంది. తన చోటులో చాప పరిచి కూర్చుంది. కాసేపటికి తాబితా వచ్చింది.

"దువ్వెన మర్చిపోయాను అత్తా."

"వెతుక్కో మరి."

తాబితా వెతకలేదు, కూర్చుంది. తర్వాత పీతలా నడిచిన మనిషి వచ్చి, ఎవరూ అడగకుండానే, పైకప్పు ఎక్కడ కారుతోందో చూడటానికి వచ్చానన్నాడు. నెల రోజులుగా వాన చుక్క లేదు. పాస్టరుగారి భార్య ఉడికించిన దుంపల గిన్నెతో వచ్చి, "ఎక్కువైపోయాయి" అంది. అయిదున్నర అయ్యేసరికి ఇరవైమంది పోగయ్యారు. ఒకరి మొహాలొకరు చూసుకుంటూ దుంపలు తిన్నారు. పాత పాట ఎత్తుకోబోయారు గానీ, గెలిచేసిన పాటలో నేర్చుకునేదేముంది? రెండో చరణంలోనే ఆగిపోయింది.

రకేరా లేచి కౌరాబి ఇంటికి నడిచింది. ఆయన ఎత్తరుగు మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. గెలిచిన కప్పు అరుగు గుంజకు వేలాడుతోంది.

"హాయిగా ఉందా పెద్దాయనా?"

"హాయిగానే ఉంది" అన్నాడు. లేచి కూర్చున్నాడు. "పొద్దుటి నుంచీ ఇదే హాయి. ఇంకేం చెయ్యాలో తోచడం లేదు."

రకేరా అరుగు అంచున కూర్చుంది.

"నాకో సాయం చేసిపెట్టాలి నువ్వు. కాదనకూడదు."

"ఏంటి చెప్పు."

"ఒక పాట కట్టిపెట్టు. పోటీకి కాదు. ఈసారి పొడుగ్గా కట్టు, బాగా చిక్కుగా కట్టు. మాలో ఎవరికీ తొందరగా రాకూడదు. నేర్చుకుంటూ నేర్చుకుంటూ ఉండగా మళ్ళీ ఏడాది తిరిగొచ్చినా, మేమింకా సగంలోనే ఉండాలి."