వాల్వులు కాగేదాకా

రెడీమేడ్ బట్టల కార్ఖానాలో కాలర్లు కుట్టే ఆవిడ చెవులు మహా పదును. హాలు నిండా మిషన్లు హోరెత్తుతున్నా, ఏ మిషన్‌లో సూది మొద్దుబారిందో తల తిప్పకుండానే చెప్పేస్తుంది. ఆ హోరులో నోరు విప్పి లాభం లేదు కాబట్టి, పొద్దంతా కడుపులో దాచుకున్న కబుర్లన్నీ సాయంత్రం ఇంటికి మోసుకొస్తుంది. ఇంట్లో వినాల్సిన మనిషేమో కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి వచ్చి, మూగనోము పట్టినట్టు కూర్చుంటాడు. ఆయన "ఊఁ" అన్నాడంటే ఆ రోజుకి ఉపన్యాసం ఇచ్చినట్టే.

ఆయనకున్న పిచ్చల్లా ఒక్కటే, రికార్డుల్లో పాటలు వినిపించే పాత వాల్వుల ఆంప్లిఫయర్. స్విచ్చి వేస్తే గాజుబుడ్ల లాంటి ఆ వాల్వుల్లో తీగలు ఎర్రబడతాయి, కాసేపట్లోనే శబ్దమూ వస్తుంది. ఆయన లెక్కలో అది ఇంకా పాట కాదు. వాల్వులు నిదానంగా కాగి కుదురుకోవాలి, అప్పుడు గానీ పాడే మనిషి గొంతుకు నిండుదనం రాదు. అందుకు పావుగంట చాలని కొందరు, అరగంటైనా కావాలని కొందరు. ఆయన ఎటూ తేల్చుకోలేకపోయాడు. పెళ్లైన కొత్తలో ఆవిడ కూరగాయలు తరుగుతూ, ఆ పాడే ఆమె గొంతు ఇంకా పచ్చిగా ఉందేమిటని యథాలాపంగా అడిగింది. ఆయన బిత్తరపోయాడు. ఆనాటి నుంచీ తీర్పు చెప్పే పని ఆవిడదే. ఆయన రికార్డు మీద ముల్లు ఆనించి, రెండు ముక్కలు వినిపించి "అయిందా?" అంటాడు. ఆవిడ లేదంటే ముల్లు ఎత్తేసి కూర్చుంటాడు. అయిందంటే పాట మొదలు, ఇక ఆ గదిలో ఎవరూ పెదవి కదపకూడదు.

అంటే ఆవిడ కబుర్లకు దొరికేది వాల్వులు కాగే ఆ కాస్త సమయమే. ఒకసారి కార్ఖానా ముచ్చట మంచి రసపట్టులో ఉండగా ఆయన "అయిందా?" అన్నాడు. అయింది, గొంతు బ్రహ్మాండంగా ఉంది. ఆవిడ కన్నార్పకుండా ఇంకా లేదనేసి ముచ్చట పూర్తి చేసింది. రుచి మరిగాక మనిషి ఊరుకుంటుందా? పావుగంట అరగంటైంది, అరగంట ముప్పావుగంటకు పాకింది. వాల్వులు ముసలివైపోతున్నాయేమోనని ఆయన ఓపిగ్గా కూర్చునేవాడు. మధ్యమధ్య ఊఁ కొట్టేవాడు, ఎప్పుడైనా ఒక ప్రశ్న కూడా వేసేవాడు. ఆ ఒక్క ప్రశ్న కోసం ఆవిడ ప్రాణం పెట్టేది.

చివరికి తన కొంప తనే ముంచుకుంది. తమ్ముడు చూడ్డానికి వచ్చినప్పుడు గొప్పలకు పోయి, మీ బావ పెట్టె కాగేసరికి నా సాయంత్రం కాస్తా తెల్లారుతోందిరా అని వేళాకోళమాడింది. వాడు అక్క మీద ప్రేమకొద్దీ కొత్తరకం ఆంప్లిఫయర్ తెచ్చి పెట్టాడు. దీనికి కాగడమూ కుదురుకోవడమూ లేవు. మీట నొక్కితే పాట. పాతది బీరువా మీదికెక్కింది.

సరిగ్గా ఆ రోజే కార్ఖానాలో ఆవిడను సూపర్‌వైజర్‌గా ఉండమన్నారు. ఆలోచించుకుని వారాంతానికి జవాబు చెప్పాలి. సాయంత్రం ఆవిడ గడప దాటుతూనే, "నన్ను సూపర్‌వైజర్‌గా ఉండమంటున్నారండీ. నాకేమో..." అంది. అప్పటికే ఆయన వేలు మీట మీద ఉంది. పాట వచ్చేసింది. ఆవిడ నోరు మూసుకుని వంటగదిలోకి వెళ్లిపోయింది.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పాట అయ్యాక చెప్పవచ్చు కదా అంటారేమో. పాట అయ్యాక ఆయన భోంచేసి పడుకుంటాడు. పైగా ఆవిడకు మనసు విరిగింది. ఇన్నేళ్లూ తన మాటలు ఆయనకు వాల్వులతోపాటు భరించాల్సిన ఆలస్యం మాత్రమేనా అనిపించి, గిన్నెలు తోముతూ నిజంగానే ఏడ్చింది.

జవాబు చెప్పాల్సిన రోజుకు ముందు సాయంత్రం ఆవిడ ఇంటికొచ్చేసరికి, ఆయన పాత ఆంప్లిఫయర్ కిందికి దించి పాత బనీను గుడ్డతో దుమ్ము తుడుస్తున్నాడు. కొత్తది పాడైందా అని అడిగితే లేదన్నాడు. స్విచ్చి వేసి, రికార్డు ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. వాల్వులు మెల్లగా ఎర్రబడ్డాయి.

ఇంకా కాలేదంటూ సాగదీసే ఓపిక ఆవిడకు ఇక లేదు. చేతిసంచీ అయినా దించకుండా, "అయిందండీ, పాట పెట్టుకోండి," అంది.

"కాలేదు," అన్నాడాయన. "గొంతు ఇంకా పచ్చిగానే ఉంది."

ఏ గొంతు? ఆవిడ రికార్డు వైపు చూసింది. అది ఇంకా కవరులోనే ఉంది.

"మొన్న 'నాకేమో' అని ఆగిపోయావు," అన్నాడాయన, వాల్వుల వైపు చూస్తూనే. "నీకేమో ఏంటి?"

ఆవిడ సంచీ కింద పెట్టి, స్టూలు దగ్గరికి లాక్కుంది.

"నాకేమో భయంగా ఉందండీ," అంటూ మొదలుపెట్టింది.